ఒక్క ప్రాణంతో డంజన్‌లోకి: ట్యాంక్ ప్రమాదాన్ని లెక్కగట్టే తీరు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో విడుదలైంది. ఆ తొలినాటి రూపాన్నే 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు, 2023 ఆగస్టులో ఆ క్లాసిక్‌కు హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచారు. హార్డ్‌కోర్‌లో పాత్ర ఒకసారి చనిపోతే మళ్లీ లేవదు. వారాల తరబడి పెంచుకున్న వారియర్ (యోధుడి పాత్ర) ఒక్క తప్పుడు అడుగుతో దెయ్యంగా మిగిలిపోతాడు. లాగ్ (నెట్ ఆలస్యం) వల్ల చనిపోయినా, ఇంటర్నెట్ తెగి చనిపోయినా సాధారణంగా తిరిగి బతికించరు. అందువల్ల మామూలు సర్వర్లో చిన్న పొరపాటుగా పోయేది ఇక్కడ డంజన్‌లో, అంటే ఐదుగురు కలిసి వెళ్లే శత్రువుల స్థావరంలో, ఆ ఐదుగురి కష్టాన్నీ మింగేస్తుంది. ఆ ఐదుగురిలో ముందు నడిచేవాడు, శత్రువుల దెబ్బలను తన మీదికి తీసుకునేవాడు ట్యాంక్. ఏ గుంపును ఎప్పుడు కదిలించాలో, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వెనుదిరగాలో అతనే నిర్ణయిస్తాడు కనుక ప్రమాదం లెక్క కూడా అతని చేతిలోనే ఉంటుంది.

నా మొదటి హార్డ్‌కోర్ వారియర్ 19వ స్థాయిలో డెడ్‌మైన్స్ అనే డంజన్‌లో చనిపోయాడు. రాక్‌జోర్ అనే మొదటి బాస్‌ను (పెద్ద శత్రువును) ఇబ్బంది లేకుండా పడగొట్టాము. హీలర్ (మిగతావాళ్లను నయం చేసే ఆటగాడు) మానా, అంటే మంత్రశక్తి, అయిపోయి నీళ్లు తాగడానికి కూర్చున్నాడు. నేను బాస్ దగ్గర దొరికిన వస్తువు చూస్తున్నాను. ఆ బాస్ చనిపోయిన కాసేపటికి గుహ ద్వారం వైపు నుంచి, అంటే మనం అప్పటికే శుభ్రం చేసుకుంటూ వచ్చిన దారిలోనే, ఇద్దరు డెఫియాస్ ముఠా గస్తీవాళ్లు వస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ నిమిషంలో గుర్తులేదు. కూర్చున్న ఆటగాడి మీద పడే ప్రతి దెబ్బా క్రిటికల్ దెబ్బే (రెట్టింపు దెబ్బ) అవుతుంది కనుక హీలర్ లేచేలోపే సగం ప్రాణం పోయింది. కంగారులో మా వార్‌లాక్ (క్షుద్ర మాంత్రికుడు) ఒకడి మీద ఫియర్, అంటే భయపెట్టి పరుగెత్తించే మంత్రం, వేశాడు. వాడు బాస్ చనిపోగానే తెరుచుకున్న తలుపులోంచి ముందుకు పరుగెత్తి, అవతలి గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరు గస్తీవాళ్లు ఐదుగురిని చంపలేరు. మమ్మల్ని చంపింది లెక్కలో లేకుండా వచ్చిన ఆ రెండో గుంపు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి, ఈ వ్యాసమంతా చెప్పబోయేది అదే: ఎదురుగా ఉన్న గుంపు ఎంత బలమైనదైనా దాన్ని మీరు చూస్తూనే ఉన్నారు, దానికి సిద్ధపడే ఉన్నారు. ప్రమాదమంతా దానితో కలవగలిగిన మరో గుంపులో ఉంటుంది. ప్రతి పుల్‌కూ ముందు ట్యాంక్ చూడవలసింది ఆ రెండో గుంపునే.

పుల్ అంటే శత్రువులను కదిలించి మన దగ్గరకు రప్పించడం. క్లాసిక్‌లో మన స్థాయికి సమానమైన మాబ్ (ఆటే నడిపే శత్రువు) సాధారణంగా 20 గజాల దూరంలో మనల్ని పసిగడుతుంది, అది మనకన్నా ఒక్కో స్థాయి ఎక్కువగా ఉన్నకొద్దీ ఆ దూరం ఒక్కో గజం పెరుగుతుంది. దీన్ని బట్టి చూస్తే, మీ కన్నా మూడు స్థాయిలు పైనున్న గుంపు పక్కగా గోడ వెంట నడవడం అదే గుంపు పక్కగా మీ స్నేహితుడు నడవడం కన్నా ఎక్కువ ప్రమాదకరం, అతను మీకన్నా మూడు స్థాయిలు పైన ఉన్నట్లయితే. కనుక దారి నిర్ణయించేటప్పుడు మీ స్థాయినే కాదు, బృందంలో అందరికన్నా తక్కువ స్థాయి ఎవరిదో కూడా చూసుకోవాలి. అతను ఎక్కడ నిలబడగలడో అదే బృందమంతటికీ హద్దు.

గుంపును కదిలించడానికి విల్లు గానీ తుపాకీ గానీ వాడండి. వారియర్‌కు ఛార్జ్ అనే దూకుడు ఉంది, దానివల్ల రేజ్ (వారియర్ దెబ్బలకు కావలసిన శక్తి) కూడా వస్తుంది, చూడటానికి ముచ్చటగానూ ఉంటుంది. అయితే అది మిమ్మల్ని తీసుకెళ్లి శత్రువుల మధ్య, వాళ్ల ఇంటి నడుమ నిలబెడుతుంది. అక్కడ తిరుగుతున్న గస్తీ మీ మీదకే వస్తుంది, పారిపోయే శత్రువుకు చుట్టాలు పది అడుగుల దూరంలోనే ఉంటారు. ఒక్క బాణం వేసి, అప్పటికే శుభ్రం చేసిన చోటుకు 30 గజాలు వెనక్కి వచ్చి పోరాడితే ఆ రెండు ప్రమాదాలూ ఒకేసారి తగ్గుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మంత్రాలు వేసేవాళ్లు, బాణాలు వేసేవాళ్లు మీ వెంట పరుగెత్తి రారు. ఉన్నచోటే నిలబడి దూరం నుంచే కొడతారు. వాళ్ల కోసం గోడ మూలను వాడాలి. బాణం వేసిన వెంటనే మూల తిరిగి వాళ్లకు కనబడకుండా నిలబడితే, మంత్రం వేయడానికి మీరు కనబడాలి కనుక వాళ్లే నడుచుకుంటూ మూల దాకా వస్తారు. ఈ పని చేసేటప్పుడు మిగిలిన నలుగురూ మూలకు ఇవతలే ఉండాలని ముందే చెప్పండి. ఒక్కడు ఆత్రపడి బయటికి వచ్చి కొట్టినా మాంత్రికుడు అక్కడే ఆగిపోతాడు, అతన్ని చంపడానికి బృందమంతా ముందుకు వెళ్లవలసి వస్తుంది, మళ్లీ ఆ రెండో గుంపు ముంగిట్లోకే చేరతారు.

పారిపోయే శత్రువు విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తక్కువ స్థాయి డంజన్లలో దీనివల్ల పోయిన ప్రాణాలను నేను ఎన్నో చూశాను. మనుషుల జాతి మాబ్‌లలో చాలామంది ప్రాణం అయిదో వంతుకు దిగేసరికి వెన్ను చూపి పరుగెత్తుతారు, దగ్గర్లో ఉన్నవాళ్లను పిలుచుకుని వస్తారు. డెడ్‌మైన్స్ డెఫియాస్ అలాంటివాళ్లే. స్టార్మ్‌విండ్ నగరంలోని స్టాకేడ్ జైలులో ఇది మరీ ఘోరం. ఇరుకైన నడవా, రెండు వైపులా గదులు, ప్రతి గదిలో ఖైదీలు. పారిపోయినవాడు ఏ గదిలో దూరినా అక్కడివాళ్లందరూ లేస్తారు. అందుచేత స్టాకేడ్‌లో గదిలోకి వెళ్లి పోరాడకండి, ఖైదీలను నడవాలోకి, అక్కడి నుంచి మీరు వచ్చిన వైపుకు లాక్కురండి.

దీనికి తోడు డీపీఎస్ ఆటగాళ్లతో, అంటే శత్రువులను కొట్టి చంపడమే పనిగా ఉన్నవాళ్లతో, ఒక ఒప్పందం ఉండాలి. శత్రువులను ఒకరి తరువాత ఒకరిగా చంపాలి. నలుగురినీ కలిపి కొట్టే మంత్రాలతో అందరి ప్రాణాన్నీ సమానంగా దించితే నలుగురూ ఒకే నిమిషంలో నాలుగు దిక్కులకు పరుగెత్తుతారు, ఆపడానికి ఎవరికీ చేతులు చాలవు. ఒక్కడే పారిపోయే దశకు వస్తే మేజ్ (మాంత్రికుడు) ఫ్రాస్ట్‌బోల్ట్ అనే మంచు మంత్రంతో అతన్ని నెమ్మదింపజేయవచ్చు, రోగ్ (దొంగ పాత్ర) శత్రువును కదలనివ్వని స్టన్ దాచుకుని ఆ చివరి ఘడియలో వాడవచ్చు, వారియర్ నడకను తగ్గించే హామ్‌స్ట్రింగ్ వేయవచ్చు. హామ్‌స్ట్రింగ్ కోసం స్టాన్స్ (పోరాట భంగిమ) మార్చాలి కనుక అది మూడో దారిగానే ఉంచుకోండి. ఎవరిని ముందు చంపాలో చెప్పడానికి పుర్రె గుర్తు, ఆ తరువాత వాడికి అడ్డగీతల గుర్తు, నిద్రపుచ్చేవాడికి చంద్రుడి గుర్తు పెట్టడం అందరికీ అలవాటైన పద్ధతి. ప్రతి పుల్‌కూ ఆ గుర్తులు పెట్టడానికి 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లకు విసుక్కునే బృందంతో వెళ్లకపోవడమే మేలు.

ఫియర్ సంగతి కూడా ఇక్కడే. వార్‌లాక్ ఫియర్, ప్రీస్ట్ సైకిక్ స్క్రీమ్, వారియర్ ఇంటిమిడేటింగ్ షౌట్ మూడూ శత్రువును మన ఇష్టంతో ప్రమేయం లేకుండా పరుగెత్తిస్తాయి. డంజన్ లోపల పోరాటం సాగుతున్నంతసేపు వాటిని నిషేధించండి. వాటికి సరైన సమయం ఒకటి ఉంది, కిందకు వచ్చాక చెబుతాను.

త్రెట్ లెక్క

ట్యాంక్ మీద శత్రువు దృష్టి ఎందుకు నిలుస్తుందో అంకెల్లో తెలిసి ఉంటే పోరాటంలో భయం సగం తగ్గుతుంది. ప్రతి మాబ్ తనను ఎవరు ఎంత బాధించారో ఒక పట్టిక లాగా ఉంచుకుంటుంది. ఆ విలువే త్రెట్. డిఫెన్సివ్ స్టాన్స్‌లో వారియర్ దెబ్బకు 30 శాతం అదనపు త్రెట్ వస్తుంది. ఒక మాబ్ మీద నా త్రెట్ 1000 ఉంటే, దాని పక్కనే నిలబడి కొట్టే రోగ్ 1100 దాటినప్పుడు అది అతని వైపు తిరుగుతుంది, దూరంగా ఉన్న మేజ్ 1300 దాటేదాకా తిరగదు. మేజ్‌కు ఈ వెసులుబాటు ఉందని తెలిస్తే అతను దూరం పాటిస్తాడు. పక్కకు వచ్చి నిలబడితే ఆ 200 పోగొట్టుకుంటాడు.

హీలర్ విషయం వేరు. ఒక పాయింటు నయం చేస్తే అర పాయింటు త్రెట్ వస్తుంది, అది పోరాటంలో ఉన్న మాబ్‌లన్నిటి మీదా సమానంగా పంచబడుతుంది. హీలర్ నాకు 800 నయం చేశాడనుకుందాం. 400 త్రెట్ పుడుతుంది, నాలుగు మాబ్‌లుంటే ఒక్కొక్కదాని మీద 100 పడుతుంది. నేను గట్టిగా కొట్టిన రెండింటికి ఆ 100 లెక్కలోకి రాదు. కానీ నేను సరిగా ముట్టుకోని నాలుగోదాని పట్టికలో హీలర్ పేరే పైన ఉంటుంది, అది నేరుగా అతని మీదికి వెళుతుంది. ఇందువల్ల మొదటి హీల్ పడేలోపే ప్రతి మాబ్‌ను ఒక్కసారైనా తగలాలి. డీమోరలైజింగ్ షౌట్ అందరి మీదా కొంచెం త్రెట్ వేస్తుంది, ఆ తరువాత టాబ్ నొక్కుతూ ఒక్కొక్కరి మీద ఒక్కో సండర్ ఆర్మర్ (కవచాన్ని బలహీనపరిచే దెబ్బ) వేయండి. పుర్రె గుర్తున్నవాడి మీద రెండు సండర్లు పడేదాకా డీపీఎస్ ఆగాలని ద్వారం దగ్గరే చెప్పండి. హీలర్ కూడా మీ ప్రాణం మూడింట రెండు వంతులకు దిగేదాకా హీల్ మొదలుపెట్టకుండా ఉంటే చాలా మంచిది.

టాంట్‌ను చాలామంది తొందరపడి వాడేస్తారు. అది పట్టికలో అందరికన్నా పైనున్నవాడి త్రెట్‌ను మీకు ఇస్తుంది, శత్రువును కాసేపు మీ వైపు తిప్పుతుంది. అప్పటికే పైన మీరే ఉంటే దానివల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. మళ్లీ వాడటానికి 10 సెకన్లు ఆగాలి. ఒక్కోసారి తప్పిపోతుంది కూడా. కాబట్టి పోరాటం మొదట్లో టాంట్ వేయకండి. హీలర్ మీదకు వెళ్లిన మాబ్ కోసమే దాచుకోండి, వేసిన మరుక్షణం ఆ మాబ్‌కే ఒక సండర్ తగిలించండి, లేకపోతే హీలర్ తరువాతి హీల్‌తో అది మళ్లీ అతని దగ్గరికే పోతుంది.

స్థాయి గురించి రెండు మాటలు. మీకన్నా మూడు స్థాయిలు పైనున్న మాబ్ ఒకటిన్నర రెట్లు బలమైన క్రషింగ్ దెబ్బ వేయగలదు. మీ డిఫెన్స్ నైపుణ్యం స్థాయికి 5 చొప్పున పెరగాలి. స్థాయి ఎక్కాక అది 10 పాయింట్లు వెనకబడి ఉంటే, శత్రువు ఇంకో రెండు స్థాయిలు పైనున్నట్లే లెక్క. డంజన్‌కు బయలుదేరే ముందు నైపుణ్యాల పట్టిక తెరిచి ఆ అంకె చూసుకోండి. కవచం ఎంత మంచిదైనా ఆ లోటును పూడ్చదు.

ముందే తెలిసిన ఘట్టాలు

కొన్ని ప్రమాదాలు గడియారం కట్టినట్లు వస్తాయి. స్కార్లెట్ మొనాస్టరీ కథీడ్రల్ అనే డంజన్‌లో మోగ్రేన్ అనే బాస్‌ను తాకగానే ఆ ప్రార్థనా మందిరంలో ఇంకా మిగిలి ఉన్నవాళ్లంతా అతని పిలుపు మీద వచ్చి పడతారు. పక్క గదుల్లోవాళ్లను, మూలల్లో నిలబడ్డవాళ్లను ముందుగా ఒక్కరూ మిగలకుండా చంపాకే అతని జోలికి వెళ్లాలి. అతను పడిపోయాక వైట్‌మేన్ అనే రెండో బాస్ వస్తుంది, ఆమె ప్రాణం సగానికి దిగగానే బృందమందరినీ నిద్రపుచ్చి మోగ్రేన్‌ను మళ్లీ బతికిస్తుంది. మీరు కళ్లు తెరిచేసరికి ఇద్దరు బాస్‌లు ఎదురుగా ఉంటారు. కనుక ఆమెను సగం దాకా దించేలోపు ఏ పెద్ద సామర్థ్యమూ వాడకండి, నిద్ర లేచాకే వాటి పని. అంతకుముందు మోగ్రేన్ పడిన వెంటనే హీలర్ మానా ఎంత ఉందో చూసి ఆమె వచ్చేలోపు ఏం చేయాలో ఒక్క మాటలో చెప్పాలి. ఏ డంజన్‌కు వెళుతున్నా ఇలాంటి ఘట్టాలను ముందు రోజే చదువుకుని, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని తెర పక్కన పెట్టుకోండి. నా బల్ల మీద డెడ్‌మైన్స్ కాగితం ఇంకా ఉంది. దాని మీద మొదటి పంక్తి: రాక్‌జోర్ తరువాత వెనక్కి తిరుగు.

వెనుదిరగడం

డంజన్ ద్వారంలోంచి బయటికి అడుగుపెడితే లోపలి మాబ్‌లు వెంట రాలేవు. ఆ ద్వారమే బృందమంతటికీ ప్రాణం కాపాడే చోటు. లోపలికి వెళ్లినకొద్దీ అది దూరమవుతుంది కాబట్టి, మొదటి గదిలో తీసుకున్నంత పెద్ద పుల్‌ను చివరి గదిలో తీసుకోకూడదు. నిజానికి చాలా బృందాలు దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తాయి. మొదట జాగ్రత్తగా ఉంటాయి, అలవాటైనకొద్దీ వేగం పెంచుతాయి.

పరుగెత్తాలన్న నిర్ణయం ఒక్కరే చెప్పాలి, ఆ ఒక్కరు ట్యాంకే అయి ఉండాలి. నేను పెట్టుకున్న గీత ఇది: హీలర్ మానా సగానికి తగ్గి, అనుకోని శత్రువులు ఇద్దరికి మించి చేరితే ఆలోచించకుండా పరుగు. మీ గీత వేరుగా ఉండవచ్చు, కానీ అది ద్వారం దగ్గరే నలుగురికీ తెలిసి ఉండాలి. పోరాటం మధ్యలో కూర్చుని తూచే సమయం ఉండదు.

షీల్డ్ వాల్ 28వ స్థాయిలో వస్తుంది. 10 సెకన్లపాటు దెబ్బల తీవ్రతను 75 శాతం తగ్గిస్తుంది. మళ్లీ రావడానికి 30 నిమిషాలు పడుతుంది. అంత విలువైనది కనుక ప్రాణం చివరి అంచుకు వచ్చేదాకా దాన్ని దాచుకోవాలనిపిస్తుంది, అది తప్పు. ప్రాణం అయిదో వంతుకు దిగాక వేస్తే ఆ 10 సెకన్లలో హీలర్ చేసేదంతా పోయిన ప్రాణాన్ని పూడ్చడానికే సరిపోతుంది. రెండో గుంపు కనబడిన క్షణంలోనే, మీ ప్రాణం నిండుగా, హీలర్ మానా ఇంకా ఉండగానే వేస్తే ఆ 10 సెకన్లు నలుగురు ద్వారం వైపు నడవడానికి పనికొస్తాయి. వాడేశాక, అది తిరిగి వచ్చేదాకా పుల్‌ల పరిమాణం తగ్గించండి, లేదా ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఆగండి.

పరుగులో ముందు హీలర్, తరువాత మంత్రగాళ్లు, చివర ట్యాంక్. వెనుక నుంచి దెబ్బ తగిలితే కాళ్లు మొద్దుబారి నడక సగానికి పడిపోయే ప్రమాదం ఉంది కనుక ట్యాంక్ ఊరికే వెన్ను తిప్పి పరుగెత్తకూడదు. ఇంటిమిడేటింగ్ షౌట్‌కు తగిన సమయం ఇదే. ఇక ఈ గదిలోకి తిరిగి రాబోమని తేల్చుకున్నాక, శత్రువులు ఎవరిని పిలుచుకొచ్చినా మనకు బాధ లేదు. షౌట్ వేసి, వాళ్లు చెల్లాచెదరైన ఆ కొద్ది సెకన్లలో తిరిగి పరుగెత్తండి. హీలింగ్ పోషన్ మళ్లీ వాడటానికి రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి పరుగులో ఒక్కటే దక్కుతుంది. దాన్ని వేళ్లకు అందే మీట మీద పెట్టుకోండి, సంచిలో వెతుక్కునేలా ఉంచకండి. ట్యాంక్ చివర రావాలి అన్నానే గానీ అక్కడే చనిపోవాలని అనలేదు. మీ ప్రాణం కూడా మిగతా నాలుగింటితో సమానమే.

60వ స్థాయికి ముందు ఒక్కో డంజన్‌లోకి 24 గంటలకు ఒక్కసారే అనుమతి ఉంటుంది. దీనివల్ల ఒక వింత ఒత్తిడి పుడుతుంది. ఇవాళ వదిలేస్తే రేపటిదాకా ఆగాలన్న ఆలోచనతో, అలసిపోయిన బృందం చివరి బాస్ దాకా ఈడ్చుకుంటూ వెళుతుంది. డెడ్‌మైన్స్‌లో వాన్‌క్లీఫ్ ముందు నిలబడ్డప్పుడు హీలర్ దగ్గర నీళ్లు అయిపోయాయనుకోండి, ఒకరి భోజనానికి వేళ అయిందనుకోండి, నిజాయితీగా వెనక్కి వచ్చేయండి. రేపు కూడా వాన్‌క్లీఫ్ అక్కడే ఉంటాడు.

మన ఊళ్ల నుంచి ఆడేవారికి

ఈ ఆటకు భారతదేశంలో సర్వర్లు లేవు. హైదరాబాదు నుంచి ఆడినా గుంటూరు నుంచి ఆడినా యూరప్ సర్వర్లకో ఆస్ట్రేలియా వైపు సర్వర్లకో వెళ్లాలి. నాకు పింగ్, అంటే సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం, 180 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. అంటే నా తెర మీద మాబ్ కనబడే చోటును అది అప్పటికే దాటిపోయి ఉంటుంది, నేను నొక్కిన టాంట్ ఆలస్యంగా చేరుతుంది. దీనికి మందు ముందుచూపే. గస్తీ దాటిపోవడానికి ఇతరులు ఒకసారి చూసి కదిలితే, నేను దాని రాకపోకలు రెండు సార్లు చూశాక కదులుతాను. మంత్రాన్ని ఆపే షీల్డ్ బాష్‌ను చివరి క్షణానికి ఉంచకుండా మంత్రం మొదలైన వెంటనే వేస్తాను.

కరెంటు సంగతి అంతకన్నా ముఖ్యం. వేసవి సాయంత్రాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. కంప్యూటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపి రౌటర్‌ను మరచిపోయేవారు చాలామంది. తెర వెలుగుతూనే ఉంటుంది, ఆట మాత్రం తెగిపోతుంది, మీ పాత్ర శత్రువుల మధ్య ఊరికే నిలబడి ఉంటుంది. రౌటర్, దాని పక్కనున్న ఫైబర్ పెట్టె రెండూ ఇన్వర్టర్ మీద ఉన్నాయో లేదో మెయిన్ స్విచ్ కట్టేసి ఒకసారి పరీక్షించండి. గాలివాన సూచనలుంటే ఆ సాయంత్రం డంజన్ మానేయండి. ట్యాంక్ తెగిపోతే ఏం చేయాలో కూడా బృందానికి ముందే చెప్పాలి: నా పాత్ర కదలకపోతే నా కోసం ఆగవద్దు, ద్వారం వైపు పరుగెత్తండి.

ఎంత జాగ్రత్తపడినా ఒకరు పోవచ్చు. అప్పుడు మిగిలిన నలుగురూ ముందుకు వెళ్లకుండా బయటికి రావాలి. నలుగురి బృందం అదే డంజన్‌కు సరిపోదు, పైగా చేతులు వణుకుతూ ఉంటాయి. చనిపోయిన పాత్ర దెయ్యంగా ఉంటూనే మాట్లాడగలదు కాబట్టి వెంటనే అతనితో మాట్లాడండి. మొదట బాధ పంచుకోండి, తరువాత అతను ఏం చూశాడో అడగండి. డెడ్‌మైన్స్‌లో మేమిద్దరం దెయ్యాలుగా నిలబడి ఉండగా మా హీలర్ ఒక మాట చెప్పాడు: ఎర్రటి పేర్లు రెండు ద్వారం వైపు నుంచి రావడం చూశాను, అవి మీరందరూ చూసే ఉంటారనుకున్నాను. అతను ద్వారం వైపు తిరిగి కూర్చున్నాడు, మిగతా ముగ్గురూ బాస్ వైపు తిరిగి ఉన్నారు, నేను ఒక వస్తువు మీద చూపు పెట్టాను. ఇప్పుడు హీలర్ నీళ్లు తాగడానికి కూర్చున్న ప్రతిసారీ నేను వెళ్లి అతనికీ వచ్చిన దారికీ మధ్య, ఆ దారి వైపు ముఖం పెట్టి నిలబడతాను.